డ్రైవరన్నను బెంచీ మీద కూర్చోబెట్టిన రోజులు

మొన్న సిద్దిపేటలో కాలేజీ పిల్లలు ఒక సభ పెట్టుకుని నన్నూ పిలిచారు. ముందు మాట్లాడిన పెద్దలు గడియారం వైపు చూడలేదు కాబట్టి నా వంతు వచ్చేసరికి భోజనాల వేళయింది. అయినా ఒకమ్మాయి లేచి అడిగింది: "మేడం, రాష్ట్రం కోసం జేసిన సమ్మెల గంతమందిని రాయి ఎత్తకుండ ఎట్ల ఆపిన్రు? ఏమన్న ట్రైనింగ్ తీసుకున్నరా?"

"తీసుకున్నం బిడ్డా. సంత రోజు, నిలవడనీకి జాగ లేని బస్సుల తీసుకున్నం" అన్నాను.

అందరూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు. వివరం చెప్పేలోపే మైకు ఇంకొకరి చేతికి పోయింది. ఆ మిగిలిన మాట ఇక్కడ చెబుతున్నాను. అడిగిన అమ్మాయి చదువుతుందో లేదో తెలియదు. మీరు చదవండి.

నేను బస్సు కండక్టర్‌గా పనిచేశాను. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చదివి ఆ ఉద్యోగంలో చేరాను. "గంత సదువుకొని టికెట్లు కొట్టుడేంది" అని అడిగినవాళ్లకు "మీరు సదువుకోకుండ సలహాలిస్తలేరా" అని చెప్పేదాన్ని. నా నోటి గురించి డిపోలో కథలుండేవి. సగం నిజం. మిగతా సగం నేనే పుట్టించాను. రద్దీ బండిలో తిరిగే ఆడమనిషికి అలాంటి పేరొకటి ఉంటే చాలా పనులు సులువవుతాయి. మోకాళ్లు మొరాయించడంతో నౌకరీ ముందే వదిలేసి ఇప్పుడు ఇంట్లో ఉన్నాను. నోరు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

సిద్దిపేట నుంచి బెజ్జంకి మీదుగా పోయే బండి మీద నాకు చాలా ఏళ్లు ఒకే డ్రైవర్ జత. నాకంటే వయసులో బాగా పెద్ద. నేను అన్నా అనేదాన్ని, ఆయన చెల్లె అనేవాడు. ఇక్కడ డ్రైవరన్న అనే రాస్తాను. ఎవరి పేర్లూ రాయను. రాస్తే బతికున్నవాళ్లు తగాదాకు వస్తారు, పోయినవాళ్లు రాలేరు. అది న్యాయం కాదు.

ఆయనతో డ్యూటీ ఎట్లా ఉండేదో చెప్పకపోతే తరువాత జరిగింది మీకు అర్థం కాదు. ఆయన నడుపుతుంటే నేను కడ్డీ పట్టుకోకుండా బండి చివరిదాకా నడిచి టికెట్లు కొట్టేదాన్ని. కూరగాయల గంపలతో ఎక్కిన ఆడవాళ్లు సర్దుకునేదాకా ఆయన గేరు మార్చేవాడు కాదు. వెనక నేను ఎవరితోనైనా తగాదా పడుతుంటే, నా గొంతు ఎంత లేచిందో విని బండి నెమ్మది చేసేవాడు. వాణ్ని దింపుదామా, వదిలేద్దామా అని అడగడం అన్నమాట. నేను "రైట్ రైట్" అంటే వదిలేశానని. "హోల్డాన్" అంటే వాడు దిగాల్సిందే. ఇద్దరం కలిసి ఎంతమంది తాగుబోతులను చేయి వేయకుండా, చొక్కా పట్టకుండా రోడ్డు మీద దించామో చెప్పలేను. బెజ్జంకిలో బండి ఆపి చాయ్ తాగేటప్పుడు ఇంటి నుంచి తెచ్చిన సర్వపిండి విరిచి, సగం నా చేతిలో పెట్టి, నాకు గిట్టని మాట ఏదో ఒకటి అనేవాడు.

"చెల్లె, గీ రాష్ట్రం అచ్చేది కాదు, మనం సూసేది కాదు. ఊకె గొంతు పాడు జేసుకోకు."

నేను ఎగిరి పడేదాన్ని. ఆయనకు కావలసిందీ అదే. చాయ్ అయిపోయేదాకా వాదించుకుని, ఎవరమూ గెలవకుండానే బండి ఎక్కేవాళ్లం.

తరువాత ఆ సమ్మె వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని అన్ని శాఖల ఉద్యోగులూ పని మానేసిన రోజులవి. ఆఫీసులకు తాళాలు, స్కూళ్లకు తాళాలు, బస్సులన్నీ డిపోలోనే. గేటుకు ఎదురుగా టెంటు వేసుకుని కూర్చున్నాం. రాష్ట్రం అచ్చేది కాదన్న డ్రైవరన్నే ఆ టెంటుకు గుంజలు పాతాడు.

మొదటి రోజుల్లోనే ఒక సంగతి తెలిసిపోయింది. ప్రభుత్వంతో పోరాడటం కంటే మనవాళ్లను ఒక చోట కుదురుగా కూర్చోబెట్టడం కష్టం. రోజుకో సంఘం మద్దతు ఇవ్వడానికి వచ్చేది. ఒకరోజు చిన్నకోడూరు వైపు నుంచి గీత కార్మికులు మోకులు భుజాన వేసుకుని, కల్లు కుండలతో ఊరేగింపుగా వచ్చారు. టెంటు దగ్గర నేను అడ్డం నిలబడ్డాను.

"తాతా, కుండలు బయట పెట్టి లోపలికి రాండ్రి."

"గివి తాగేటందుకు కాదు బిడ్డా. మా వృత్తి గిదని సూపెట్టేటందుకు."

"ఉత్తగ సూపెడితేనే సగం అయిపోయినయా?"

"ఎండకు తగ్గినయ్" అన్నాడు ఆ తాత, ఏమాత్రం తడుముకోకుండా. ఆయన వెనక ఉన్నవాళ్లలో ఒకరిద్దరు అప్పటికే ఎండను బాగా సహించినట్టు ఊగుతున్నారు.

ఆ సాయంత్రం అందరం కూర్చుని చేతులెత్తి నియమాలు పెట్టుకున్నాం. ఎవరి మీదా చేయి వేయకూడదు. బస్సు మీద రాయి పడకూడదు, రేపు దాన్ని మళ్లీ నడపాల్సింది మనమే. తాగి రాకూడదు. ఎవరి తల్లినీ, ఎవరి కులాన్నీ తిట్టే నినాదం ఇవ్వకూడదు. ఈ చివరి నియమం చదువుతుంటే అందరూ నా వైపే చూశారు.

"తిట్లు బంద్ అంటే మా చెల్లె రేపటిసంది మాట్లాడుడే బంద్" అన్నాడు డ్రైవరన్న.

మరి నియమం తప్పినవాళ్లను ఏం చేయాలి? కొందరు జుర్మానా అన్నారు, కొందరు తరిమేద్దామన్నారు. నేను రెండూ వద్దన్నాను. మా డిపోలో ఒక పద్ధతి ఉండేది. డ్యూటీ పడనివాళ్లు గేటు పక్కనున్న సిమెంటు బెంచీ మీద కూర్చుని, ఎవరైనా రాకపోతే పిలుస్తారేమోనని చూడాలి. దాన్ని స్పేర్‌లో ఉండటం అనేవాళ్లం. ఒంటి మీద యూనిఫాం ఉంటుంది, చేతిలో పని ఉండదు, బండ్లన్నీ ముక్కు ముందు నుంచే పోతుంటాయి. బస్సు నడిపేవాళ్లకు అంతకంటే చిన్నతనం లేదు. తప్పు చేసినవాడు సమ్మె ముగిసేదాకా ఆ బెంచీ మీద కూర్చోవాలి అన్నాను. రోజూ రావాలి, టెంటులోకి అడుగు పెట్టకూడదు, నినాదం ఇవ్వకూడదు, ఊరేగింపులో నడవకూడదు. ఇంటికి పంపేస్తే ఆ కోపంతో ఇంకెక్కడో రాయి ఎత్తుతాడు. కళ్ల ముందు ఉంటే మనవాడిగానే మిగులుతాడు.

ఆ మాటకు అందరికంటే ముందు చేయెత్తినవాడు డ్రైవరన్న.

మా మొదటి ఊరేగింపు తలుచుకుని డిపోలో ఇప్పటికీ నవ్వుతారు. మెగాఫోన్ పట్టుకుని ముందు నేనే నడిచాను. చౌరస్తాలో పోలీసులు అడ్డంగా కనబడగానే అలవాటు కొద్దీ "హోల్డాన్" అని అరిచాను. డ్రైవర్లూ కండక్టర్లూ బ్రేకు తొక్కినట్టు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. వాళ్ల వెనక టీచర్లున్నారు, వాళ్ల వెనక మునిసిపాలిటీ వాళ్లు, రైతులు, కాలేజీ పిల్లలు. వాళ్లకు ఆ మాటతో ఏం సంబంధం? ఒకరి మీద ఒకరు వచ్చి పడ్డారు, ముందు వరుస పోయి పోలీసుల మీద పడింది. మేం మీదికి వచ్చామనుకుని వాళ్లు లాఠీలు తీశారు. అంతమందిని ఒక్క మాటతో పడగొట్టిన ఘనత నాది. పోలీసులకు కూడా అంత చేతకాలేదు.

"రేపటిసంది నేను ఎనుక నడుస్త. నువ్వు ముందట నడువన్నా" అన్నాను డ్రైవరన్నతో.

"నాకు నినాదాలు రావు."

"నడుసుడు అస్తది గదా. నిండు బండి తోలినట్టు నడువు, సాలు."

ఆ తరువాత ప్రతి ఊరేగింపుకూ ముందు ఆయన, వెనక నేను. గర్భిణితో, ముసలివాళ్లతో నిండిన బండిని గుంతల్లో తోలినంత నెమ్మదిగా నడిచేవాడు. ఆయనను దాటిపోదామని చూసిన కుర్రాళ్లు కొంతసేపటికి ఆయన అడుగులోకే వచ్చేవాళ్లు. నేను చివరి మనిషి వెనక ఉండి ఎవరు అలిసిపోయారో, ఎవరి చేయి జేబులో ఉందో చూసేదాన్ని.

ఇక్కడ ఒక మాట. అహింస అంటే చేతకానితనమని మీలో కొందరు నాతో వాదిస్తుంటారు. ఊరేగింపు ఎంత గట్టిదో ముందు వరుసను చూస్తే తెలియదు. చివరి వరుసలో చంటిపిల్లను ఎత్తుకుని నడుస్తున్న తల్లి రేపు మళ్లీ వస్తుందా అన్నదాన్ని బట్టి తెలుస్తుంది. ఒక్క రాయి లేస్తే ఆమె రాదు. ఆమె రాకపోతే ముసలివాళ్లు రారు, ఆ తరువాత దుకాణాల వాళ్లు రారు. చివరికి రాళ్లు విసిరేవాళ్లే మిగులుతారు, వాళ్లను ఎక్కించుకుపోవడానికి పోలీసులకు ఒక్క వ్యాను చాలు. నా లెక్క ఇంతే. ఇందులో పుణ్యం ఊసే లేదు.

సమ్మె ముదిరిన కొద్దీ బయటి డ్రైవర్లను పెట్టి, పోలీసు కాపలాతో బస్సులు తీయడం మొదలుపెట్టారు. ఒక పొద్దున మేం గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నాం. పోలీసులు లేపితే ఒళ్లు వదిలేయాలి, చేతులు కట్టుకునే ఉండాలి అని మాట. లోపలి నుంచి బస్సు వచ్చి మా ముందు ఆగింది. స్టీరింగ్ మీద ఉన్నది కుకునూరుపల్లి వైపు మనిషి, ఇసుక లారీ నడిపేవాడట. హారన్ కొట్టీ కొట్టీ విసిగి కిటికీలోంచి తల బయట పెట్టాడు. ముందు వరుసలో ఉన్నది నేను.

"ఏందమ్మా, గీ రోడ్డు మీద ఇంతమంది మొగోళ్ల నడుమ కూసున్నవ్. నీ మొగడు ఏడున్నడు? నిన్ను వీళ్లకు అప్పజెప్పి పోయిండా?"

మా ఆయన పోయి అప్పటికి ఏడాది కాలేదు. అది ఆ లారీ మనిషికి తెలియదు. డ్రైవరన్నకు తెలుసు.

నేను నోరు తెరిచేలోపే డ్రైవరన్న లేచాడు. క్యాబిన్ తలుపు తెరిచి, ఆ మనిషిని కిందికి లాగి, రెండు చెంపలూ వాయించాడు. అన్నేళ్లలో ఆయన ఎవరి మీదైనా చేయెత్తడం నేను చూడటం అదే మొదటిసారి. మావాళ్లలో కొందరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విన్నాక నాకు భయం వేసింది.

టెంటు ఎప్పుడు పీకేద్దామా అని చూస్తున్న ఎస్సై తీరిగ్గా నా దగ్గరికి వచ్చాడు. "శాంతియుతం, శాంతియుతం అని రోజు నా చెవులు తిన్నరు గదా మేడం. ఇప్పుడేమంటరు?"

అనడానికి ఏముంది? కొట్టిన కేసు పడితే డ్రైవరన్న ఉద్యోగం పోతుంది, ఆ వంకతో టెంటు లేస్తుంది. అంతకంటే ముందు, చప్పట్లు కొట్టినవాళ్లు రేపు రాళ్లు తెస్తారు.

"జర ఆగున్రి సార్" అని డ్రైవరన్న దగ్గరికి పోయాను.

"అన్నా, పోయి బెంచీ మీద కూసో."

"వాడేమన్నడో ఇన్నవా?"

"ఇన్న. నన్నన్నడు. జవాబు నా నోట్లనే ఉండె. నడుమ నువ్వెవరు?"

"నేనెవరా?" అన్నాడు. ఆ మాట చాలా మెల్లగా అన్నాడు.

"అందరికన్న ముందు చెయ్యెత్తింది నువ్వే. పోయి కూసో."

ఆయన నన్ను కాసేపు చూసి, జారిన తువ్వాల తీసి భుజాన వేసుకుని, రోడ్డు దాటి బెంచీ మీద కూర్చున్నాడు. చప్పట్లు కొట్టినవాళ్ల మొహాలు చూడాల్సింది.

లారీ మనిషిని నీడకు తీసుకుపోయి నీళ్లిచ్చాను. "మావోడు జేసింది తప్పు. మాఫ్ జెయ్. ఇగ నువ్వు అడిగినదానికి జవాబు. నా మొగడు శ్మశానంల ఉన్నడు. ఇంకేమన్న అడిగేదున్నదా?"

అతను గ్లాసు కింద పెట్టి తల దించుకున్నాడు. "నాకు తెల్వదక్కా" అన్నాడు. కేసు వద్దని ఎస్సైతో తనే చెప్పాడు. ఎస్సై బెంచీ వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ దొరకనట్టు వెళ్లిపోయాడు. మరునాడు ఆ లారీ మనిషి మళ్లీ బస్సు తీయడానికే వచ్చాడు. "పిల్లలున్నరక్కా" అన్నాడు. "నువ్వు తియ్యి, మేం కూసుంటం" అన్నాను. ఉపన్యాసాల్లోలా మనసులు మారిపోవడం నేను ఎక్కడా చూడలేదు.

డ్రైవరన్న భార్య, నాకు వదిన, ఆ మధ్యాహ్నమే టిఫిన్ డబ్బాతో వచ్చి టెంటు ముందు నిలబడింది.

"ఊరంత సూసుకుంట కూసున్నది. నీ కోసం ఒక్కడు లేసిండు. గా ఒక్కన్ని పట్టుకొని ఎండల కూసోబెడ్తివి. నీకు మనసున్నదా?"

"మనసున్నది వదినా. రూలు గూడ ఉన్నది."

"నీ రూలును తీస్కపోయి పొయ్యిల పెట్టు."

రోడ్డవతల నుంచి డ్రైవరన్న "నువ్వు ఊకోయే. నేను గూడ చెయ్యెత్తిన" అని కేకేశాడు. ఆమె ఊరుకోలేదు. కానీ రోజూ డబ్బా తెచ్చి, నాకు వీపు పెట్టి, ఆయన పక్కనే బెంచీ మీద కూర్చునేది.

ఆయన రోజూ గడ్డం గీసుకుని, యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వచ్చేవాడు. డ్యూటీకి వచ్చినట్టే. మా మధ్య ఒక రోడ్డు ఉండేది. నేను దాటలేదు, ఆయన దాటకూడదు. టెంటులో అందరూ రాష్ట్రం వచ్చేసినట్టే మాట్లాడేవాళ్లు. అచ్చేది కాదు అని ఎదురు చెప్పే మనిషి లేక నా మాటలన్నీ చప్పబడిపోయాయి. వాదన అంటే నాకు ప్రాణమని అందరికీ తెలుసు. ఎవరితో అన్నది నాకు అప్పుడే తెలిసింది.

కొన్నాళ్లకు ఆర్డీవో ఆఫీసు దాకా పెద్ద ఊరేగింపు తలపెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తున్నారు. ముందు నడిచే మనిషి లేడు. డిపోలో బస్సుల వేళలు చూసే కంట్రోలర్ సారు, మాలో పెద్దాయన, నన్ను పక్కకు పిలిచాడు.

"రేపొక్క రోజుకు ఆయన్ని రానియ్యమ్మా. మళ్ల కూసోబెడుదువు."

"రేపొక్క రోజుకు రాయి గూడ ఎత్తుదామా సార్? ఎల్లుండి మళ్ల కింద పెడదాం."

"నీతోని మాట్లాడుడు నాదే తప్పు" అని ఆయన తానే రోడ్డు దాటి పోయి డ్రైవరన్నను అడిగాడు. "సమ్మె అయ్యేదాక అన్నరు. అయ్యేదాక" అన్నాడట డ్రైవరన్న. అంతే.

కాబట్టి మరునాడు ముందు నడిచింది కంట్రోలర్ సారే. జీవితమంతా బండ్లను వేళకు పంపిన మనిషి, ఆయనకు ఆలస్యం తెలియదు. వడివడిగా నడిచాడు. ముందు సగం ఆయన వెంట పోయింది, వెనక సగం డిపో ముందే ఉండిపోయింది. మధ్యలో ఖాళీ కనబడగానే పోలీసులు తాడు పట్టుకుని అడ్డం వచ్చారు. ముందువాళ్లకు వెనక ఏమవుతుందో తెలియదు. వెనకవాళ్లు నెడుతున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ తాడు దగ్గరికి పోయి, రెండు చేతులూ చాపి, మావాళ్లకు ఎదురుగా నిలబడ్డాను. నా వీపు పోలీసుల వైపు ఉంది. లాఠీ వెనక నుంచి భుజం మీద పడింది. రెండోది పడేసరికి మోకాళ్ల మీద కూలబడ్డాను.

రోడ్డు పనికని తెచ్చిన కంకర అక్కడే కుప్ప పోసి ఉంది. ఎవరి వెతుకులాటా అక్కరలేదు, వంగితే చాలు. వంగబోయిన కుర్రాళ్లు ఒక్క క్షణం ఆగి బెంచీ వైపు చూశారు. వాళ్లే కాదు, అందరూ చూశారు. ఒక్క మాట అన్నందుకే మనిషిని కిందికి లాగి కొట్టినవాడు అక్కడ కూర్చుని ఉన్నాడు, నేనేమో వాళ్ల ముందు దెబ్బలు తింటున్నాను. ఆయన లేస్తే ఇక ఎవరినీ ఆపేవాళ్లు ఉండరు.

ఆయన లేవలేదు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడట. ఆయన పక్కనున్న వదిన "లే, లేవవేంది, ఆ పిల్లను సంపుతున్నరు" అని చొక్కా పట్టి గుంజుతోందట. చొక్కా చిరిగిందట గానీ ఆయన కదలలేదు.

మొదట ఒక టీచరమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. తరువాత ఇంకొకామె. కాసేపటికి ఆ సగం ఊరేగింపంతా రోడ్డు మీద కూర్చుంది, కంకర కుప్ప చుట్టూ కూడా మనుషులే, కుప్ప మాత్రం అలాగే ఉంది. కూర్చున్నవాళ్లను ఎంతసేపు కొడతారు? లాఠీలు ఆగాయి. ఎండ తిరిగేవేళకు తాడు తీశారు. నన్ను దవాఖానకు తీసుకుపోయింది వదినే. దారి పొడవునా నన్ను తిడుతూ, నా చేయి వదలకుండా.

ఆ రోజు ఒక్క రాయి లేచి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. అందుకే ఇప్పటికీ అంటాను, బెంచీ మీద కూర్చోబెట్టడం సరైన పని. మళ్లీ ఆ పొద్దున వస్తే మళ్లీ అదే చేస్తాను. ఈ మాట మీద నాతో వాదించి గెలిచినవాళ్లు లేరు.

సమ్మె ముగిసింది. డిపోలో డ్యూటీలు వేసిన రోజు బోర్డు మీద నా పక్కన వేరే డ్రైవర్ పేరుంది. డ్రైవరన్న తానే పోయి హైదరాబాద్ బండి అడిగి తీసుకున్నాడని తెలిసింది.

"ఏందన్నా, మన రూటు ఇడిసిపెట్టినవట" అని అడిగాను.

"ఆ రోడ్డు బాగలేదు చెల్లె. నడుము పడ్తలేదు" అన్నాడు. ఆ రోడ్డు కొత్తగా వేసి ఎన్నాళ్లో కాలేదు.

తరువాత నాకు జత పడిన డ్రైవర్లందరూ మంచివాళ్లే. నేను కడ్డీ పట్టుకోవడం నేర్చుకున్నాను. గొంతు పెంచినా బండి నెమ్మదయ్యేది కాదు, తగాదాలు నేనే మొదలుపెట్టి నేనే ముగించుకునేదాన్ని. రాష్ట్రం వచ్చిన రోజు నేను డ్యూటీలోనే ఉన్నాను. జనం బస్సుకు అడ్డం వచ్చి రంగులు చల్లారు, నన్ను దించి ఆడమన్నారు. ఆడాను. ఆడుతూనే, "ఏందన్నా, అచ్చేది కాదంటివి" అని ఎగతాళి చేయడానికి మనిషి కోసం చూశాను. ఆయన హైదరాబాద్ పోయి ఉన్నాడు. అంత పెద్ద గెలుపులో నాకు మిగిలిన వెలితి అదొక్కటే. చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. డిపోలో ఎదురుపడితే నవ్వేవాడు, పిల్లల చదువు అడిగేవాడు. చాయ్ మాత్రం ఎప్పుడూ అప్పుడే తాగి ఉండేవాడు.

ఆయన రిటైరై బెజ్జంకి దగ్గర సొంతూరికి పోయాడు. వదినకు పానం బాగలేదని తెలిసి పోయిన నెల చూడటానికి వెళ్లాను. మంచం మీద నుంచే ఆమె నాతో కాసేపు తగాదా పడింది, అంటే కోలుకుంటోందన్నమాట. సాయంత్రం బస్సు దాకా తోడు వస్తానని ఆయన బయలుదేరాడు. నడుము బాగా వంగింది. మక్కల ధర, కొత్త బస్సుల సైజు, మా మోకాళ్లు, అన్నీ మాట్లాడుకున్నాం. స్టాపులో నిలబడ్డాక, రోడ్డు వైపు చూస్తూ, వాన వస్తుందేమో అన్నంత మామూలుగా అన్నాడు:

"ఆ దినం అందరు నా దిక్కు సూసిన్రు. నువ్వొక్కదానివే సూడలే."

ఏ దినమని నేను అడగలేదు. "సూస్తె లేస్తవని భయపడ్డ అన్నా" అన్నాను.

"గదే" అన్నాడు. "అన్నేండ్లు కలిసి డ్యూటీ జేసినం. నువ్వు నా దిక్కు సూసి, కూసో అన్నట్టు కన్ను కదిలిస్తె లేస్తనా? అందరు సూసినా కూసున్న గదా. నువ్వు సూడకపోతివని, నమ్మకపోతివని, గదొక్కటే కడుపుల ఉండిపాయె."

ఇంతలో బస్సు వచ్చింది. "రైట్, ఎక్కు. జాగ దొరకది మళ్ల" అని ఆయనే తొందరపెట్టాడు.

ఎక్కాను. కండక్టరమ్మాయి ఆధార్ కార్డు చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టి, "లోపలికి జరుగమ్మా" అంది. నేను జరగలేదు. వెనక అద్దం దగ్గరే నిలబడి, ఆయన వైపు చూస్తూ ఉన్నాను. ఆయన చేయి ఊపలేదు, వెళ్లిపోలేదు. మలుపు వచ్చి కనబడకుండా పోయేదాకా ఇద్దరం చూసుకుంటూనే ఉన్నాం.